రేకు, రేఖ, ప్రతి: జంటనగరాల ముద్రణ చిత్రకళా చరిత్రలో కె. లక్ష్మాగౌడ్

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రకారులు పుస్తకాన్ని చదివినంతగా చూడలేదు. ఒక కావ్యం ఎన్ని ముద్రణలు పొందింది, పీఠిక ఎవరు రాశారు, ఏ ముద్రణలో ఏ పద్యాలు తొలగించారు అన్న వివరాలు మన పరిశోధన గ్రంథాలలో దొరుకుతాయి. ఆ పుస్తకానికి ముఖచిత్రం వేసినదెవరు, లోపలి బొమ్మలు ఏ పద్ధతిలో అచ్చయ్యాయి అన్న ప్రశ్నలకు సమాధానం అరుదుగా దొరుకుతుంది. చిత్రకళా చరిత్ర వైపు నుంచి చూసినా ఈ లోటే మరో రూపంలో కనిపిస్తుంది. తైలవర్ణ చిత్రానికి దక్కే గౌరవం కాగితంమీద అచ్చయిన బొమ్మకు దక్కదు. ఒకటికి మించి ప్రతులున్నది అసలు ఎలా అవుతుందన్న అనుమానం చదువుకున్నవారిలోనూ ఉంది. చిత్రకారుడు స్వయంగా ఫలకాన్ని సిద్ధంచేసి, దాని నుంచి పరిమిత సంఖ్యలో ప్రతులు తీసే ఎచింగ్, లితోగ్రఫీ, లినోకట్, ఉడ్‌కట్ వంటి పద్ధతులను ఈ వ్యాసంలో ముద్రణ చిత్రకళగా వ్యవహరించడం జరిగింది.

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఈ కళకు ప్రధాన ప్రతినిధి కె. లక్ష్మాగౌడ్. ఆయన గురించి వెలువడిన రచనలలో అధికభాగం ఆయన చిత్రాలలోని గ్రామీణ వస్తువును, శృంగారాన్ని చర్చిస్తాయి. ఆయన పనిచేసిన లోహం, ఆమ్లం, యంత్రం, వాటిని సాధ్యంచేసిన ఉద్యోగం, చుట్టూ ఉన్న కళాకారుల సమాజం అంతగా చర్చకు రాలేదు. అదే కాలంలో అదే నగరంలో పత్రికలకు బొమ్మలు వేసినవారికీ, ఎచింగులు చేసిన లక్ష్మాగౌడ్‌కూ మధ్య మనం ఊహించినంత దూరం లేదనీ, ఉన్న తేడా కళలోకన్న శ్రమవిభజనలో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

జంటనగరాలకు అచ్చుబొమ్మ వచ్చిన తోవ

మూడవ అసఫ్‌జా అయిన సికందర్ జా పేరిట 1806లో దండు విడిదిగా ఏర్పడిన ఊరు సికింద్రాబాదు. ఇక్కడి జీవితాన్ని తొలినాళ్లలో బొమ్మలుగా గీసినవారు ఎక్కువగా సైనికాధికారులే. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టైలర్ దక్కను దృశ్యాలను తన చేత్తో చిత్రించుకున్నాడు. అవి లితోగ్రాఫులుగా అచ్చయినది మాత్రం 1837లో, లండన్‌లో. దృశ్యం ఇక్కడిది, అచ్చు ఎక్కడిదో. ఈ పరిస్థితి తర్వాత చాలాకాలం కొనసాగింది.

1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం పడింది. ఆ తర్వాత 1886లో లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో తన ఫోటో స్టూడియోను నెలకొల్పాడు. ఒక నెగటివు నుంచి కోరినన్ని ప్రతులు తీయగల బొమ్మ జంటనగరాలలో వ్యాపారంగా స్థిరపడింది అప్పుడే. దండులోని దొరలు, నిజాం కొలువులోని ఉమరావులు దాని వాడుకరులు. సామాన్యుల ఇళ్లకు చేరిన అచ్చుబొమ్మలు వేరు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు దేవుళ్ల పటాలు, ఆ తర్వాత మద్రాసు నుంచి వచ్చిన ‘భారతి’, ‘ఆంధ్రపత్రిక’, ‘చందమామ’ల బొమ్మలు రైలెక్కి వచ్చినవే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. చిత్రకారుల విషయంలో అటువంటి సంచిక రాలేదు.

జింకు బ్లాకు

పత్రికలు లెటర్‌ప్రెస్ మీద అచ్చయిన కాలంలో బొమ్మ వేయడమంటే బ్లాకుకు వేయడమే. చిత్రకారుడు తెల్లని దళసరి కాగితంమీద ఇండియన్ ఇంకుతో గీసిచ్చేవాడు. బ్లాకు మేకరు దానిని కెమెరాతో నెగటివు తీసి, కాంతికి స్పందించే పూత పూసిన జింకు రేకుమీదికి ఎక్కించేవాడు. ఆ రేకును ఆమ్లంలో ఉంచితే గీతలు లేని చోటల్లా లోహం కరిగి పల్లమయ్యేది, గీతలు మిట్టగా నిలిచేవి. ఆ రేకును చెక్కదిమ్మెకు మేకులతో బిగించి, అక్షరాల ఎత్తుకు సరిచేసి, సీసపు టైపుతోపాటు ఫారంలో ఇమిడ్చేవారు. బొమ్మ పత్రికాఫీసులో మరో అక్షరమయ్యేది.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. లైన్ బ్లాకుకు నలుపు, తెలుపు తప్ప మూడో రంగు తెలియదు. బూడిద ఛాయ కావాలంటే సన్నగీతలను పక్కపక్కన నింపాలి, లేదా చుక్కలు పెట్టాలి. చుక్కల తెరతో ఛాయలను పట్టే హాఫ్‌టోన్ బ్లాకు ఉన్నా, న్యూస్‌ప్రింటు మీద అది మరీ ముతకగా పడేది, ఖర్చూ ఎక్కువ. అందుకే 1950ల నుంచి 1970ల దాకా తెలుగు కథాచిత్రణ గీతను ఆశ్రయించింది. బాపు గీతలోని పొదుపును ఆయన ప్రతిభగా మాత్రమే వివరించడం అలవాటు. ఆ ప్రతిభ నిస్సందేహమే. అయినా ఆ గీత ఎక్కడ లావెక్కాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించడంలో జింకు బ్లాకు పాత్రనూ లెక్కించాలి. హైదరాబాదులో స్థిరపడిన చంద్ర కథలకు వేసిన బొమ్మలలోని నల్లని నిండుతనం, కవీ నవలాకారుడూ అయిన శీలా వీర్రాజు కవితా సంపుటాలకు వేసిన ముఖచిత్రాలలోని సంక్షిప్తత, 1984 చివర మొదలైన ‘ఉదయం’లో మోహన్ కార్టూన్ల వేగం, ఇవన్నీ అచ్చు యంత్రానికి ఏమి సాధ్యమో ఎరిగినవారి గీతలు.

అయితే వీరెవరూ ఆమ్లాన్ని ముట్టుకోనక్కరలేదు. రేకును కొరికించే పని బ్లాకు మేకరుది. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. గీత ఒకరిది, రేకు మరొకరిది, అచ్చు మూడోవారిది. ముద్రణ చిత్రకారుడు ఈ మూడు పనులనూ తన చేతిలోకి తీసుకుంటాడు. లోహం అదే, ఆమ్లమూ అదే. ఒక్క విషయంలోనే పద్ధతి తలకిందులు: బ్లాకులో గీత మిట్టగా నిలుస్తుంది, ఎచింగులో గీతే పల్లమవుతుంది.

నిజాంపూర్ నుంచి బరోడాకు

లక్ష్మాగౌడ్ 1940లో నాటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించారు. తోలుబొమ్మలాట, మట్టితో చేసే బొమ్మలు, ఊరి చేతివృత్తులు ఆయన బాల్యంలో కళ్లముందున్నవి. గౌడ్ అన్న కులనామం సూచించే వృత్తి కల్లుగీత. కత్తితో గీసి చెట్టు నుంచి ధారను రాబట్టే పనికీ, సూదితో రేకును గీసే పనికీ తెలుగులో ఒకే మాట ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. దానిపై సిద్ధాంతం కట్టనక్కరలేదు గాని, ఆ మాట ముచ్చటైనది.

హైదరాబాదు ప్రభుత్వ లలితకళల కళాశాలలో ఆయన చిత్రలేఖనం చదివారు. నిజాం పాలన చివరి దశాబ్దంలో ఆరంభమైన ఈ సంస్థ ఇప్పుడు మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగం. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివివచ్చిన కొండపల్లి శేషగిరిరావు ఆ కళాశాల అధ్యాపకులలో ఒకరు. 1963లో లక్ష్మాగౌడ్ బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1965 వరకు కుడ్యచిత్రకళ, ముద్రణ చిత్రకళ అభ్యసించారు. అక్కడి గురువు కె.జి. సుబ్రమణ్యన్ కూడా శాంతినికేతన్ విద్యార్థే. అంటే నందలాల్ బోస్ సంప్రదాయం లక్ష్మాగౌడ్ చదివిన రెండు చోట్లా ఉంది.

ఈ వంశవృక్షానికి ప్రస్తుత చర్చలో ప్రాముఖ్యం ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1930లో వెలువరించిన బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’కు నందలాల్ బోస్ లినోకట్లు చేశారు. అదే సంవత్సరం దండి యాత్రలో కర్రపట్టి నడిచే గాంధీని చిత్రించిన ఆయన ప్రఖ్యాత చిత్రం కూడా లినోకట్టే. పిల్లల వాచకానికి బొమ్మ వేయడం, జాతీయ చిహ్నంగా నిలిచే చిత్రం చేయడం ఆయనకు వేర్వేరు అంతస్తుల పనులు కావు. సుబ్రమణ్యన్ పిల్లల పుస్తకాలు తానే రాసి, తానే బొమ్మలు వేశారు. మద్రాసులో, హైదరాబాదులో పత్రికల వ్యవస్థ విడదీసిన పనులు శాంతినికేతన్‌లో, దాని వెలుగులో నడిచిన బరోడాలో ఒకే చేతిలో ఉన్నాయి. లక్ష్మాగౌడ్ బరోడా నుంచి తెచ్చుకున్నది ఎచింగు సాంకేతికత ఒక్కటే కాదు, పనుల మధ్య ఎచ్చుతగ్గులను పట్టించుకోని ఈ స్వభావాన్ని కూడా. తర్వాతి కాలంలో ఆయన నీటిరంగులు, పాస్టెల్, గాజుపై చిత్రణ, టెర్రకోట, కంచు అన్నింటిలోనూ పనిచేయడానికి మూలం అక్కడ వెదకాలి.

రేకుమీద ఏమి జరుగుతుంది

శాసన పరిశోధకులు శిలాశాసనానికి ఎస్టాంపేజి తీయడం చాలామంది చూసి ఉంటారు. తడిపిన కాగితాన్ని రాతిమీద పరచి, కుంచెతో కొట్టి అక్షరాల గుంతల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. మిట్ట నల్లబడుతుంది, చెక్కిన అక్షరం తెల్లగా మిగులుతుంది. ఎచింగులో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. గుంతలోకి సిరా దిగుతుంది, మిట్ట తెల్లగా మిగులుతుంది. తెలుగు నేలలో రాగిమీద చెక్కడం కొత్త కాదు. రాజుల తామ్రశాసనాలు, తిరుమల సంకీర్తన భాండారంలోని తాళ్లపాక కవుల రాగిరేకులు అందుకు సాక్ష్యం. శతాబ్దాలపాటు లోహాన్ని చెక్కినా, ఆ గాళ్లలో సిరా నింపి కాగితంమీద అచ్చుతీసే కళ ఇక్కడ పెరగలేదు. చదవడానికి చెక్కినవి కనుక ఆ అవసరం కలగలేదు.

ఎచింగులో జింకు లేదా రాగి రేకుపై మైనం, రాళ, తారు కలిపిన పూత పూసి, పొగపట్టించి నల్లబరుస్తారు. సన్నని సూదితో గీస్తే ఆ మేరకు పూత లేచి లోహం మెరుస్తుంది. రేకును ఆమ్లంలో ఉంచితే మెరిసిన చోటల్లా తింటుంది. రెండు నిమిషాలు ఉంచిన గీత వెంట్రుకలా పడుతుంది, ఇరవై నిమిషాలు ఉంచినది దారంలా లావెక్కుతుంది. కొంత గీతను వార్నిష్‌తో మూసి, మిగిలినదాన్ని మళ్లీ ఆమ్లంలోకి దింపవచ్చు. బూడిద ఛాయలకు ఆక్వాటింట్ ఉంది. రాళపొడిని రేకుమీద ధూళిలా చల్లి వేడిచేస్తే రేణువులు అతుక్కుంటాయి, వాటి సందుల్లో ఆమ్లం కొరికి నూగులాంటి గరుకుదనం ఏర్పడుతుంది. అది సిరాను పట్టుకుంటుంది. చివరకు రేకునిండా సిరా రుద్ది, పలుచని గుడ్డతో పైభాగం తుడిచి, తడిపిన కాగితం పరచి, కంబళి కప్పి, రెండు ఉక్కు రోలర్ల మధ్య నడిపిస్తారు. కాగితంమీద బొమ్మ ఎడమకుడులు మారి వస్తుంది. పాత ప్రెస్సులో కంపోజిటరు అక్షరాలను తిరగేసి చదివినట్టే ఎచింగు చేసేవాడు తిరగేసి గీయాలి.

ఇన్ని దశలలో చిత్రకారుడి చేయి ఉన్నది గీసేటప్పుడు, తుడిచేటప్పుడు. మిగిలిన పని ఆమ్లానిది, కాలానిది, బరువుది. లక్ష్మాగౌడ్ చిత్రాలలో గీత ఎప్పుడూ ఒక దేహాన్ని చుట్టే హద్దుగా ఆగిపోదు. అది చర్మంమీది ముడతగా, మేక బొచ్చుగా, చెట్టు బెరడుగా, పచ్చబొట్టుగా పాకుతుంది. ఎక్కడ మనిషి ఆగి చెట్టు మొదలయిందో చెప్పడం కష్టమయ్యేటట్టు ఒకే గీత అన్నింటిమీదా నడుస్తుంది. పెన్నుతో కాగితంమీదా ఇలా గీయవచ్చు. అయితే లోహాన్ని తిన్న గీతకు ఒక లోతు ఉంటుంది. కాగితంమీద సిరా కొద్దిగా ఉబ్బి, వేలికి తగులుతుంది. ఆయన వస్తువులోని స్పర్శగుణానికీ ఈ సాంకేతిక ధర్మానికీ ఉన్న పొత్తును పుస్తకంలో అచ్చయిన ఫోటో నకలు చూసి గ్రహించలేం. ఆయన ఎచింగులపై వచ్చిన అనేక వ్యాఖ్యానాలు వస్తువు దగ్గరే ఆగిపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

దేహం గురించి రెండు భాషలు

1960ల చివరినుంచి 1970లలో లక్ష్మాగౌడ్ చేసిన ఎచింగులు, రేఖాచిత్రాలు స్త్రీపురుష దేహాలను, పశువులను, వృక్షాలను కామోద్దీపకమైన ఒకే ప్రపంచంగా చూపినవి. నగర మధ్యతరగతి గదిగోడకు సులువుగా ఇమిడే చిత్రాలు కావవి. ఇదే నగరంలో ఇంచుమించు ఇవే సంవత్సరాలలో దిగంబర కవులు వచ్చారు. వారి తొలి సంపుటిని 1965 మే నెలలో హైదరాబాదులో రిక్షా కార్మికుడు నాంపల్లి పండు ఆవిష్కరించాడు. మూడవ సంపుటి 1968లో విశాఖపట్నంలో వెలువడింది. వారిలో నలుగురు 1970లో విరసం వైపు నడిచారు. సాహిత్య చరిత్రలో ఈ ఉద్యమంపై లెక్కకు మిక్కిలిగా పరిశోధనలు వచ్చాయి. అదే వేళ అదే ఊళ్లో ఒక చిత్రకారుడు దేహాన్ని కేంద్రంగా చేసుకుని పనిచేస్తున్నాడన్న సంగతి వాటిలో ప్రస్తావనకు రాలేదనే చెప్పాలి.

ఇద్దరినీ పక్కపక్కన ఉంచితే తేడా స్పష్టమవుతుంది. దిగంబర కవిత్వంలో నగ్నత ఒక ఆరోపణ. కుళ్లిన నాగరికత బట్టలు ఊడదీయడానికి దేహభాషను, జుగుప్సను వాడిన కవిత్వమది. అందులోని దేహం రోగగ్రస్తమైన నగరం. లక్ష్మాగౌడ్ చిత్రాలలోని దేహం ఎవరినీ దోషిగా నిలబెట్టదు. ఊరిలో మేకలు ఈనినంత సహజంగా, చెట్టు చిగిర్చినంత మామూలుగా అది ఉంటుంది. కవులు నగరాన్ని తిట్టడానికి దేహాన్ని పిలిచారు. చిత్రకారుడు నగరంలో ఉండి, నగరం మరిచిన దేహాన్ని గుర్తుచేసుకున్నాడు. ఈ రెండవ ధోరణికి ప్రాచీన సాహిత్యంలో బంధువులున్నారు. హాలుని ‘గాథాసప్తశతి’లోని పల్లె ప్రేమికులు, క్షేత్రయ్య పదాల నాయికలు ఆ కోవకు చెందినవారు. అయితే ఆధునిక తెలుగు సమాజం ఆ సంప్రదాయంతో తెగతెంపులు చేసుకున్న చరిత్ర కూడా ఉంది. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను కందుకూరి వీరేశలింగం గర్హించారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ సంస్కరించి ప్రకటించిన ప్రతిని మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆ నిషేధం తొలగలేదు. సంస్కరణోద్యమం నేర్పిన చూపుతో చూసినప్పుడు లక్ష్మాగౌడ్ చిత్రాలు అశ్లీలంగా కనిపించే అవకాశం ఉంది. ఆ చూపుకు ముందున్న పల్లె హాస్యంతో, జాతర పాటల చనువుతో చూస్తే అవి చిరపరిచితాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ చిత్రాలలోని గ్రామం మెదక్ జిల్లా గ్రామానికి యథాతథ పత్రం కాదు. 1970ల తెలంగాణ పల్లెలోని వెట్టి, కరువు, భూమి తగాదాలు అందులో నేరుగా కనిపించవు. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’లోని దొర గడీ, లక్ష్మాగౌడ్ చిత్రాలలోని పల్లె ఒకే నేల మీదివి గాని, ఒకే జ్ఞాపకం నుంచి వచ్చినవి కావు. దీనిని లోపంగా ఎంచేవారు ఉన్నారు. ఆయన గ్రామాన్ని కోరికల స్థలంగా ఎంచుకున్నారు, ఆ ఎంపికకు గల హద్దులను గుర్తిస్తూనే ఆ చిత్రాలను చదవాలి.

జీతం, ప్రెస్సు, తోటివారు

ఎచింగుకు ఖరీదైన బరువు యంత్రం కావాలి. ఆమ్లానికి గాలి ఆడే గది కావాలి. మంచి కాగితం కావాలి. పైగా ప్రతి ఒక్కింటి ధర తైలవర్ణ చిత్రంతో పోలిస్తే తక్కువ. కాబట్టి ముద్రణ చిత్రకారుడి జీవితచరిత్రలో సంస్థల చరిత్ర విడదీయరాని భాగం.

లక్ష్మాగౌడ్ హైదరాబాదు దూరదర్శన్ కేంద్రంలో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేశారు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో కార్యక్రమాల పేర్లు, పటాలు, ప్రకటనల అక్షరాలు చేత్తో కార్డులమీద గీసి కెమెరాకు పట్టేవారు. ఇది కూడా ఒకరకంగా ఇలస్ట్రేటరు పనే. తెరమీద కొన్ని క్షణాలుండి మాయమయ్యే బొమ్మ పగలు, వందేళ్లు నిలిచే రాగి గీత మిగిలిన వేళల్లో. ఈ రెండింటినీ వైరుధ్యంగా చూపడం తేలికే కాని, అక్షరానికీ బొమ్మకూ మధ్య ఖాళీని తూచడం, తక్కువ గీతలతో విషయం చెప్పడం రెండు పనులకూ ఉమ్మడి క్రమశిక్షణ. తర్వాత ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలులో లలితకళల విభాగానికి నాయకత్వం వహించారు. 1974లో ఆ విశ్వవిద్యాలయం ఆరంభమైనది ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. 1988లో ఏర్పడిన ఈ స్కూలు ద్వారా ముద్రణ చిత్రకళ జంటనగరాలలో విశ్వవిద్యాలయ స్థాయి చదువుగా కుదురుకుంది. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇలాంటి ఆసరా దొరకనిచోట ఏమి జరుగుతుందో చెప్పడానికి రెండు జీవితాలు చాలు. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్, లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17లో ఒకే రేకుమీద సిరాల చిక్కదనపు తేడాతో బహువర్ణ ప్రతులు తీసే విధానాన్ని అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడయ్యారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. 2018లో న్యూయార్క్‌లో మరణించారు. ప్రపంచ ముద్రణ చిత్రకళా చరిత్ర ఏది తీసినా ఆయన పేరుంటుంది. తెలుగు ప్రాంతంలో ఆయన పనికి తగిన వర్క్‌షాపు లేదు. హైదరాబాదులో, బరోడాలో చదివిన దేవరాజ్ డాకోజీ ఢిల్లీలోని లలితకళా అకాడమీ గఢీ స్టూడియోలకూ, అటుపిమ్మట న్యూయార్క్‌కూ వెళ్లారు. ప్రెస్సు ఎక్కడుంటే చిత్రకారుడు అక్కడికి వెళ్తాడు. లక్ష్మాగౌడ్ ఇక్కడే ఉండిపోవడం స్వస్థలాభిమానం ఒక్కటే కాదు, ఉద్యోగమూ విశ్వవిద్యాలయమూ కలిసి సాధ్యంచేసిన విషయం.

ఆయన తరం చిత్రకారులు ఒక పని మానకుండా మరో పని చేసినవారు. బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గరే అభ్యసించిన తోట వైకుంఠం ‘దాసి’ చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందారు. తర్వాతి కాలంలో ఆయన చిత్రించిన పెద్దబొట్టు తెలంగాణ స్త్రీలు క్యాలెండర్ల దాకా వెళ్లారు. నర్సింగరావు స్వయంగా చిత్రకారుడు, 1983లో తీసిన ‘రంగుల కల’లో ఒక చిత్రకారుడి బతుకునే కథగా చేసి, ఆ పాత్రను తానే పోషించారు. తన బొమ్మ ఎవరికోసం, ఎవరు కొంటారు అన్న ప్రశ్న ఆ సినిమాలో ఉంది. ముద్రణ చిత్రకళ స్వభావరీత్యా ఆ ప్రశ్నకు ఒక సమాధానం కాగలిగేది. ఇరవైఐదు ప్రతులంటే ఇరవైఐదు ఇళ్లు. ఆచరణలో ఆ ప్రతులు కూడా గ్యాలరీల వైపు, సంపన్న సేకర్తల వైపు నడిచాయి. కథా పత్రిక చదివే ఇంటికి చంద్ర బొమ్మ చేరింది, లక్ష్మాగౌడ్ ఎచింగు చేరలేదు. ఎక్కువమందికి అందడానికి పుట్టిన కళ అరుదైన వస్తువుగా మారడంలోని విచిత్రం ఇది.

1980లలో ఆఫ్‌సెట్ ముద్రణ విస్తరించడంతో పత్రికలకు జింకు బ్లాకుల అవసరం తీరిపోయింది. ప్రెస్సులలో పేరుకున్న బ్లాకులు తూకానికి పోయాయి. ఇలస్ట్రేటరుకు ఇక నలుపు తెలుపుల షరతు లేదు, జలవర్ణాలతో వేసినా యథాతథంగా అచ్చవుతుంది. గీతకు గతంలో ఉన్న నిర్బంధం పోయింది, దానితో పుట్టిన బిగువూ కొంత సడలింది. వాణిజ్యం వదిలేసిన జింకు, ఆమ్లం, రోలర్ల పద్ధతి కళాశాలల ఎచింగు గదులలో మిగిలింది.

ప్రతి, ప్రత్యంతరం

ముద్రణ చిత్రం అసలా, నకలా అన్న ప్రశ్నకు తెలుగు శాఖలవారి దగ్గర జవాబుంది. తాళపత్ర ప్రతులతో పనిచేసే పరిష్కర్తకు ప్రతి అంటే తక్కువరకం నకలు కాదు. సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులు సేకరింపజేసి పోల్చి చూపించిన నాటినుంచి, ప్రతి ప్రతికీ తనదైన సాక్ష్యవిలువ ఉందన్నది మన విద్యలో స్థిరపడిన సూత్రం. కవి స్వహస్త ప్రతి దొరకనంత మాత్రాన కావ్యం లేకుండా పోలేదు. ఎచింగులోనూ అంతే. రేకు అసలు కాదు, దాన్ని ఎవరూ చిత్రంగా గోడకు పెట్టరు. కాగితంమీది అన్ని ప్రతులూ అసళ్లే. చిత్రకారుడు రేకును కొంత కొరికించి ఒక ప్రతి తీసి చూసుకుని, మళ్లీ గీసి, మళ్లీ కొరికించి ఇంకో ప్రతి తీస్తాడు. ఈ దశలను స్టేట్లు అంటారు. పాఠాంతరాలను పరిశీలించే పద్ధతిలోనే వీటినీ పరిశీలించవచ్చు: ఏ గీత ఎప్పుడు చేరింది, ఏ భాగం అరగదీసి తొలగించారు, ఏ ఛాయ ఏ దశలో వచ్చింది. సిరా తుడిచిన తీరును బట్టి ఒకే స్టేటులోని రెండు ప్రతులూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఆక్వాటింట్ నూగు త్వరగా అరుగుతుంది కాబట్టి తొలి ప్రతులకూ మలి ప్రతులకూ నలుపులో తేడా వస్తుంది. బొమ్మ కింద పెన్సిలుతో రాసే 3/25 వంటి అంకె ఇరవైఐదింటిలో మూడవదని తెలుపుతుంది. పక్కన పేరు, సంతకం, తేదీ ఉంటాయి. ఇంత వివరం మన తాళపత్రాల గద్యలలో కూడా అన్నిసార్లూ దొరకదు.

ఇలస్ట్రేటరు విషయంలో పరిస్థితి వేరు. బొమ్మ మూలచిత్రం బ్లాకు మేకరు దగ్గరో, పత్రికాఫీసులోనో పోయింది. బ్లాకు తూకానికి పోయింది. మిగిలింది పుస్తకంలోని అచ్చు. ముఖచిత్రం ఎవరిదో చెప్పే ఒక చిన్న వాక్యం ఉంటే లోపలి పుట వెనుక ఉంటుంది, గ్రంథాలయ సూచికలు దాన్ని ఎత్తిరాయవు. ఇక గ్రంథాలయాలలో పుస్తకం కుట్లు వదలగానే బైండింగుకు వెళ్తుంది. బైండరు చినిగిన అట్టను తీసేసి, కాలికో అతికించి, వీపుమీద గ్రంథం పేరు, కవి పేరు, వరుస సంఖ్య రాసి పంపుతాడు. శీలా వీర్రాజు, చంద్ర, మోహన్‌ల ముఖచిత్రాలు అనేక గ్రంథాలయాలలో పోయినది ఈ విధంగానే. పుస్తకం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక్క పద్యమూ పోదు.